పేర్ల మాలాక్ దగ్గర ఆగుతోంది, కానీ తప్పు మార్కుల మాలాక్‌లో ఉంది

మీరు పంపిన సీ ప్రోగ్రామ్ పూర్తిగా చదివాను. ముందు విద్యార్థులు ఎంతమందో అడిగి ఎన్‌లో పెట్టుకుంటుంది. మెమరీలో చోటు అడిగే ఫంక్షన్ మాలాక్. మార్క్స్ = మాలాక్(ఎన్) అని మార్కులకు చోటు తీసుకుంటుంది. మార్కులన్నీ చదివాక, ఒక్కొక్కరికీ నేమ్స్[ఐ] = మాలాక్(50) చేసి, పేరును బఫ్ అనే అర్రేలోకి చదివి, ఆ వెంటనే నేమ్స్[ఐ] = బఫ్ అని రాస్తుంది. చివర్లో అన్నీ ప్రింట్ చేసి, తీసుకున్న చోటును ఫ్రీతో తిరిగి ఇచ్చేస్తుంది. మీరు చెప్పిన ఇబ్బందులు మూడు. ఆరుగురి వరకు నడుస్తోంది, ఏడుగురైతే మొదటి పేరు అడగకముందే మాలాక్(50) లైన్ దగ్గర ఆగిపోతోంది. ఆరుగురికి నడిచినప్పుడు కూడా అందరి పేర్లూ చివరి పేరే వస్తోంది. చివర్లో ఫ్రీ ఉంటే "ఇన్వాలిడ్ పాయింటర్" అంటోంది, తీసేస్తే ఏ గొడవా లేదు కాబట్టి తీసేశానన్నారు.

మాలాక్(50) లైన్‌ను రెండు రోజులుగా తిరగేసి మరగేసి చూస్తున్నానని రాశారు. ఆ లైన్లో ఏ తప్పూ లేదు. పాయింటర్ (మెమరీలో ఒక చోటి అడ్రస్ దాచుకునే వేరియబుల్) తప్పుల విషయంలో కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఇదే. సీ భాషలో తప్పు జరిగే చోటు ఒకటి, అది బయటపడే చోటు మరొకటి. మధ్యలో వంద లైన్ల దూరం ఉండొచ్చు. ఆగిన చోట వెతకడం మొదలుపెడితే రోజులు పోతాయి.

మీ ఏడుగురి లెక్కే చూద్దాం. మాలాక్‌కి మీరిచ్చే సంఖ్య బైట్లలో ఉండాలి, ఇంట్‌లలో కాదు. ఎన్ 7 అయితే మీరు అడిగింది 7 బైట్లు. ఒక్కో ఇంట్‌కి 4 చొప్పున ఏడు ఇంట్‌లకు కావలసింది 28 బైట్లు. మరి 6 ఇచ్చినప్పుడు 6 బైట్లు అడిగి 24 బైట్లు రాశారు కదా, అప్పుడెందుకు ఆగలేదు? మీరు వాడుతున్నది 64 బిట్ లినక్స్, అందులో మాలాక్‌ను ఇచ్చేది జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీ. ఆ మాలాక్ ఎంత తక్కువ అడిగినా 32 బైట్ల ముక్కకంటే చిన్నది కోయదు. అందులో 8 బైట్లు తన లెక్క రాసుకోవడానికి ఉంచుకుని, మిగతా 24 మనకు వదులుతుంది. 24ను 4తో భాగిస్తే 6. మీ ఆరుగురు విద్యార్థులు సరిగ్గా ఆ 24 బైట్లలో ఇమిడిపోయారు. అదృష్టవశాత్తు కూడా కాదు, లైబ్రరీ అంతర్గత ఏర్పాటు వల్ల.

ఏడో మార్కు 24వ బైట్ దగ్గర మొదలవుతుంది. అక్కడ ఉన్నది మీది కాదు. మీ ముక్క తర్వాత, ఇంకా ఎవరికీ ఇవ్వని ఖాళీ హీప్ (మాలాక్ ముక్కలు కోసి ఇచ్చే మెమరీ) ఉంది. అది ఎంత మిగిలిందో మాలాక్ సరిగ్గా ఆ చోటే రాసుకుంటుంది. మీ ప్రోగ్రామ్‌లో ఆ సంఖ్య సుమారు లక్షా ముప్పై వేలు ఉండాలి. మీ ఇన్‌పుట్‌లో ఏడో విద్యార్థి మార్కులు 78. ఇన్‌పుట్ చదివే స్కాన్‌ఎఫ్ ఆ 78ని తీసుకెళ్లి మాలాక్ లెక్క మీద రాసేసింది. ఆ క్షణంలో ఏమీ జరగలేదు, ఎందుకంటే ఆ లెక్కను అప్పుడు ఎవరూ చూడలేదు. తర్వాత పేరు కోసం మాలాక్(50) అడిగారు. అది తన పద్దు తెరిచి చూసుకుంటే, లక్ష బైట్లు ఉండాల్సిన చోట డెబ్బై చిల్లర కనిపించింది. అడిగినదానికి చాలదు, పైగా ఆ లెక్క మెమరీ పేజీ హద్దుతో కలవడం లేదు. అందుకే సిస్‌మాలాక్ అసర్షన్ ఫెయిల్డ్ (మాలాక్ లోపలి తనిఖీ తప్పింది) అని చెప్పి ప్రోగ్రామ్‌ను ఆపేసింది. అంటే మాలాక్(50) మీకు మేలే చేసింది, పద్దు చెడిందని మొదట గుర్తించింది అదే.

ఇదే ప్రోగ్రామ్‌లో ఏడో విద్యార్థికి 78 బదులు 100 మార్కులు ఇచ్చి చూడండి. మొదటి పేరు దాటిపోయి రెండో పేరు దగ్గర ఆగుతుంది. 96 దాటిన లెక్క ఒక్క కోతకు సరిపోతుంది, రెండో దానికి చాలదు. ప్రోగ్రామ్ ఎక్కడ ఆగాలో విద్యార్థి మార్కులు నిర్ణయిస్తున్నప్పుడు, ఆగిన లైన్‌ను చూసి మనం ఏం తెలుసుకోగలం? మీ స్నేహితుడి కంప్యూటర్లో అదే కోడ్ పనిచేసిందంటే కారణం కూడా ఇదే. అక్కడి మాలాక్ ముక్కలు కోసే పద్ధతి వేరై ఉంటుంది. "వాడి దగ్గర పనిచేస్తోంది" అన్నది సీలో సాక్ష్యం కాదు.

దిద్దుబాటు ఒక్క లైన్: మార్క్స్ = మాలాక్(ఎన్ * సైజాఫ్ *మార్క్స్). సైజాఫ్ అంటే ఒక్కోదానికి ఎన్ని బైట్లో చెప్పేది. సైజాఫ్(ఇంట్) అని రాసినా సరే. నాకు మాత్రం *మార్క్స్ అని రాయడమే ఇష్టం. రేపు ఇంట్‌ను డబుల్‌గా మార్చినా ఈ లైన్ ముట్టుకోనక్కర్లేదు. మాలాక్ ముందు (ఇంట్ *) అని కాస్ట్ (రకాన్ని మార్చే గుర్తు) పెట్టారు, సీలో అది అవసరం లేదు. మాలాక్ గురించి కంపైలర్‌కి చెప్పే స్టడ్‌లిబ్ హెడర్ పెట్టడం మరిచిపోతే పాత కంపైలర్లు మాలాక్ ఇంట్ ఇస్తుందని ఊహించుకునేవి. 64 బిట్ అడ్రస్‌లో సగం తెగిపోయేది. కాస్ట్ ఉంటే దాని గురించిన హెచ్చరిక కూడా మాయమయ్యేది. జీసీసీ కంపైలర్ 14వ వెర్షన్ నుంచి హెడర్ లేకపోతే నేరుగా ఎర్రరే వస్తుంది. అయినా కాలేజీ ల్యాబుల్లో పాత కంపైలర్లు ఇంకా ఉంటాయి కాబట్టి చెబుతున్నాను.

ఇక రెండో ఇబ్బంది, అందరికీ చివరి పేరే రావడం. దీనికి మెమరీ చెడిపోవడంతో సంబంధం లేదు. ఇది పాయింటర్ అంటే ఏమిటో మనసులో ఇంకా కుదురుకోకపోవడం వల్ల వచ్చింది. కాగితం తీసుకుని గీయండి. నిజంగానే గీయండి, తలలో ఊహించుకుంటే చాలదు. నేమ్స్[0] అనే పెట్టె ఒకటి. మాలాక్(50) చేయగానే ఆ పెట్టెలోంచి ఒక బాణం 50 బైట్ల గదికి వెళుతుంది. తర్వాత బఫ్ అనే గదిలోకి పేరు చదివారు. అప్పుడు నేమ్స్[0] = బఫ్ అన్నారు. ఈ గుర్తు బఫ్‌లోని అక్షరాలను కొత్త గదిలోకి మోయదు. బాణాన్ని తిప్పుతుంది, అంతే. ఇప్పుడు నేమ్స్[0] బాణం బఫ్ వైపు చూస్తోంది. 50 బైట్ల గది వైపు చూసే బాణం ఒక్కటీ లేదు. ఆ గదికి వెళ్లే దారి శాశ్వతంగా పోయింది, దాన్నే లీక్ అంటాం. రెండో పేరు చదివినప్పుడు అది కూడా అదే బఫ్‌లోకి వెళ్లి మొదటి పేరును చెరిపేసింది. నేమ్స్[1] బాణమూ అటే తిరిగింది. ఆరుగురితో నడిపితే చివరికి ఆరు బాణాలూ ఒక్క గది వైపే చూస్తున్నాయి, ఆ గదిలో ఉన్నది ఆఖరున చదివిన పేరు.

దీన్ని కళ్లతో చూడాలంటే పేర్లు ప్రింట్ చేసే లైన్లో పేరుతో పాటు %పి తో అడ్రస్ కూడా ప్రింట్ చేయండి. ఆరు వరుసల్లోనూ ఒకటే అడ్రస్ వస్తుంది. పాయింటర్ వింతగా ప్రవర్తిస్తోందని అనిపించిన ప్రతిసారీ నేను మొదట చేసే పని ఇదే. విలువ కంటే అడ్రస్ ఎక్కువ నిజం చెబుతుంది.

కావలసింది అక్షరాలను మోయడం, కాబట్టి స్ట్ర్‌కాపీ(నేమ్స్[ఐ], బఫ్) అని రాయాలి. 50కి బదులు పేరుకు సరిపడా చోటే తీసుకోవాలనుకుంటే, ముందు చదివి, తర్వాత స్ట్ర్‌లెన్(బఫ్) + 1 బైట్లు అడగండి. ఆ ఒకటి కలపడం మరిచిపోవడం మెమరీ తప్పుల్లో చాలా సాధారణం. స్ట్ర్‌లెన్ చివరి సున్నాను లెక్కించదు, స్ట్ర్‌కాపీ మాత్రం దాన్ని కూడా రాస్తుంది. ఐదక్షరాల పేరుకు ఆరు బైట్లు కావాలి. ఐదే అడిగినా, పైన చెప్పిన 24 బైట్ల వెసులుబాటు వల్ల ఏ హానీ కనిపించదు. సరిగ్గా 24 అక్షరాల పేరు వచ్చిన రోజు, ఆ ఒక్క సున్నా బైట్ పక్క ముక్క లెక్క మీద పడుతుంది. ఇలాంటివి పరీక్షల్లో బయటపడవు. స్కాన్‌ఎఫ్‌లో కూడా ఉత్త %ఎస్ వద్దు, %49ఎస్ అని హద్దు పెట్టండి. హద్దు లేకుండా చదవడం వల్లే గెట్స్ అనే ఫంక్షన్‌ను 2011 నాటి సీ ప్రమాణంలోంచి పూర్తిగా తీసేశారు.

మూడోది ఫ్రీ. ఇది ఇప్పుడు మీకే అర్థమై ఉండాలి. నేమ్స్[ఐ]లో ఉన్నది మాలాక్ ఇచ్చిన అడ్రస్ కాదు, స్టాక్ (ఫంక్షన్ లోపలి వేరియబుల్స్ ఉండే మెమరీ) మీదున్న బఫ్ అడ్రస్. ఫ్రీకి ఇవ్వాల్సింది మాలాక్, కాలాక్, రియాలాక్ ఇచ్చిన అడ్రస్, అదీ ఉన్నదున్నట్టుగా. ఆ అడ్రస్‌కి ముందున్న 8 బైట్లలో ముక్క సైజు రాసి ఉంటుందని నమ్మి ఫ్రీ అక్కడ చూస్తుంది. స్టాక్ మీద ఆ చోట ఇంకేదో ఉంటుంది, అందుకే ఇన్వాలిడ్ పాయింటర్ అంది. చాలామంది పాయింటర్‌ను పి++ అంటూ జరుపుకుంటూ పోయి, చివర్లో ఆ జరిగిపోయిన పి నే ఫ్రీ చేస్తారు. ఫలితం ఇదే. మొదటి అడ్రస్‌ను వేరే పాయింటర్‌లో దాచి ఉంచాలి.

ఫ్రీ తీసేస్తే బాగుందని తీసేశారు కదా, దయచేసి ఆ పని ఇంకెప్పుడూ చేయకండి. ఫ్రీ దగ్గర వచ్చే ఎర్రర్ దాదాపు ఎప్పుడూ ఇంకెక్కడో జరిగిన తప్పుకు సాక్ష్యం. దాన్ని తీసేస్తే సాక్ష్యం పోతుంది, తప్పు అక్కడే ఉంటుంది. "ఇన్వాలిడ్ నెక్స్ట్ సైజ్" అని వస్తే ఏదో బ్లాక్ హద్దు దాటి రాశారని అర్థం. "డబుల్ ఫ్రీ" అని వస్తే ఒకే అడ్రస్‌ను రెండు పాయింటర్లు తమదనుకుంటున్నాయి. ఈ మాటలు ఎర్ర అక్షరాల్లో వచ్చే తిట్లు కావు, ఆధారాలు.

ఈ విషయంలో నాకు గట్టి పాఠం నేర్పిన సంఘటన ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో లింక్డ్ లిస్ట్ (ఒక్కో నోడ్ తర్వాతి నోడ్ అడ్రస్‌ను దాచుకునే గొలుసు) ఒకదాన్ని ఫ్రీ చేసే లూప్ రాశాను. ముందు ఫ్రీ(పి), ఆ తర్వాతి లైన్లో పి = పి->నెక్స్ట్. ఇచ్చేసిన ఇంటి తలుపు తీసి లోపలి చిరునామా చదవడం లాంటిది. కానీ అది ఏళ్ల తరబడి రోజూ నడిచింది. ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత సర్వర్లు మార్చారు, కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, మొదటి రోజే పడిపోయింది. నాలుగు రోజులు కొత్త సర్వర్‌ను అనుమానించాను.

అసలు జరిగింది ఇది. నా నోడ్‌లో మొదట ఒక ఇంట్, తర్వాత నెక్స్ట్ పాయింటర్. ఇంట్ 4 బైట్లు, ఆ తర్వాత 4 బైట్ల ఖాళీ, 8వ బైట్ నుంచి నెక్స్ట్. పాత జీలిబ్‌సీలో ఇంత చిన్న ముక్కను ఫ్రీ చేస్తే, అది తన గొలుసు కోసం మొదటి 8 బైట్ల మీద మాత్రమే రాసుకునేది. నా ఇంట్ చెరిగిపోయేది, నెక్స్ట్ మాత్రం చెక్కుచెదరకుండా ఉండేది. 2019లో వచ్చిన 2.29 వెర్షన్‌లో, డబుల్ ఫ్రీని పట్టుకోవడానికి రెండో 8 బైట్ల మీద కూడా ఒక గుర్తు రాయడం మొదలుపెట్టారు. ఆ గుర్తు సరిగ్గా నా నెక్స్ట్ మీద పడింది. కొత్త సర్వర్ ఏ పాపమూ ఎరగదు. తప్పు నేను ఆ లూప్ రాసిన మొదటి రోజు నుంచీ ఉంది. సరైన పద్ధతి ముందు నెక్స్ట్‌ను ఒక తాత్కాలిక పాయింటర్‌లోకి తీసుకుని, తర్వాత ఫ్రీ చేయడం. మీరు కూడా ఒక పది ఇంట్‌ల అర్రేను ఫ్రీ చేసి, ఆ తర్వాత ప్రింట్ చేసి చూడండి. మొదటి నాలుగు చెత్తగా, ఐదోది నుంచి సరిగ్గా వచ్చే అవకాశం ఎక్కువ. అది చూసి "ఇంకా ఉంది కదా" అనుకోకూడదు. నేర్చుకోవడానికి తప్ప ఎక్కడా ఆధారపడకూడదు.

ఇప్పుడు వెతికే పద్ధతి. మీరు లైన్ లైన్‌కీ ప్రింట్‌ఎఫ్ పెట్టి చూశానన్నారు. మెమరీ తప్పులకు అది రెండు విధాల మోసం చేస్తుంది. ఒకటి, చివర కొత్త లైన్ గుర్తు లేకపోతే ప్రింట్‌ఎఫ్ రాసింది వెంటనే తెరమీదికి రాదు, బఫర్‌లో ఆగుతుంది. ప్రోగ్రామ్ మధ్యలో పడిపోతే ఆ బఫర్ దానితో పాటే పోతుంది. "ఇక్కడి దాకా రాలేదు" అని మీరనుకున్న చోటు దాటి ప్రోగ్రామ్ ఎప్పుడో వచ్చి ఉంటుంది. తప్పదనుకుంటే స్టడ్‌ఎర్‌కి ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ చేయండి, అది ఆగదు. రెండు, ప్రింట్‌ఎఫ్ తానే మొదటిసారి పిలిచినప్పుడు తన బఫర్ కోసం మాలాక్ చేస్తుంది. హీప్‌లో ముక్కల వరుస మారిపోతుంది, తప్పు ఇంకో చోటికి జరుగుతుంది లేదా కనిపించకుండా పోతుంది. "ప్రింట్‌ఎఫ్ పెడితే పనిచేస్తోంది, తీస్తే పడిపోతోంది" అని ఎవరైనా అంటే, అది మెమరీ తప్పేనని నేను కోడ్ చూడకముందే అనుమానిస్తాను.

దానికి బదులు కంపైల్ చేసేటప్పుడే జీసీసీకి -వాల్, -డబ్ల్యూఎక్స్‌ట్రా హెచ్చరికలతో పాటు, -జి, -ఎఫ్‌శానిటైజ్=అడ్రస్ అనే రెండు ఆప్షన్లు కలపండి. అడ్రస్ శానిటైజర్ జీసీసీలో 4.8 వెర్షన్ నుంచి, అంటే 2013 నుంచీ ఉంది. క్లాంగ్ అనే కంపైలర్‌లోనూ ఉంది, విజువల్ స్టూడియోలో 2021 నుంచి వచ్చింది. ఇది ప్రతి బ్లాక్‌కి రెండు వైపులా కంచె వేసి, మీరు రాసే ప్రతి చోటునూ రాసే క్షణంలోనే తనిఖీ చేస్తుంది. ఫ్రీ చేసిన బ్లాక్‌ను వెంటనే ఇంకొకరికి ఇవ్వకుండా కొంతకాలం పక్కన పెడుతుంది, దాన్ని ముట్టుకుంటే పట్టేస్తుంది. ప్రోగ్రామ్ సుమారు రెండింతలు నెమ్మదిస్తుంది, నేర్చుకునేవాళ్లకు అదొక లెక్క కాదు. ముఖ్యమైన లాభం ఏమిటంటే, తప్పు జరిగిన చోటుకీ బయటపడిన చోటుకీ మధ్య దూరాన్ని ఇది చెరిపేస్తుంది.

మీ ప్రోగ్రామ్‌ను ఇలా కంపైల్ చేసి 7 ఇవ్వండి. ఏడో మార్కు దాకా కూడా పోదు, రెండో మార్కు దగ్గరే ఆగుతుంది. ఏడు బైట్లలో మొదటి ఇంట్ 0 నుంచి 3 దాకా పట్టింది, రెండోది 4 నుంచి 7 దాకా కావాలి, 7వ నంబరు బైట్ మీది కాదు. ఆరుగురికీ ఇలాగే ఆగుతుంది. ఇన్నాళ్లూ "పనిచేసిన" ప్రోగ్రామ్ నిజంగా ఎప్పుడూ పనిచేయలేదని అప్పుడు తెలుస్తుంది.

దాని రిపోర్ట్ పొడవుగా, భయపెట్టేలా ఉంటుంది. చాలామంది చూడగానే మూసేస్తారు. అందులో చదవాల్సినవి మూడే చోట్లు. పైన మొదటి వరుసలో తప్పు రకం ఉంటుంది. మీకు హీప్ బఫర్ ఓవర్‌ఫ్లో, దాని కింద 4 బైట్ల రైట్ అని వస్తుంది. ఆ కింద పిలుపుల వరుస ఉంటుంది. మీ విషయంలో పై రెండు మూడు వరుసలు స్కాన్‌ఎఫ్ లోపలివి, అవి చూసి స్కాన్‌ఎఫ్‌లో లోపం ఉందనుకోకండి. కిందికి వస్తూ మీ ఫైల్ పేరు, లైన్ నంబరు మొదట కనిపించిన చోట ఆగండి. మూడోది ఇంకా కింద ఉంటుంది: ఈ అడ్రస్ 7 బైట్ల బ్లాక్‌కి ఆనుకుని ఉంది, ఆ బ్లాక్‌ను ఫలానా లైన్లో తీసుకున్నారు. మీ తప్పంతా ఆ 7 అనే సంఖ్యలోనే ఉంది. ఏడు ఇంట్‌ల బ్లాక్ 28 ఉండాలి కదా, 7 ఎందుకుంది అని అడిగితే చాలు, నేరుగా మార్కుల మాలాక్ లైన్‌కి వెళతారు. యూజ్ ఆఫ్టర్ ఫ్రీ (ఫ్రీ చేసేసిన చోటును వాడడం) అయితే నాలుగోది కూడా ఉంటుంది, ఎక్కడ ఫ్రీ చేశారో. లినక్స్‌లో ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు లీక్‌ల చిట్టా కూడా ఇస్తుంది. మార్కుల లైన్ దిద్ది, నేమ్స్[ఐ] = బఫ్‌ను అలాగే ఉంచి, పేర్ల ఫ్రీలు మాత్రం తీసేసి నడిపితే, ఏడు బ్లాకుల్లో 350 బైట్లు పోయాయని చెబుతుంది. కాగితం మీద గీసిన ఆ అనాథ గదులు ఇవే.

అడ్రస్ శానిటైజర్ పట్టుకోనిది ఒకటుంది, విలువ పెట్టకుండానే వాడిన మెమరీ. మాలాక్ ఇచ్చిన చోటులో సున్నాలు ఉంటాయని అనుకుని టోటల్[ఐ] += మార్కు అని రాసేవాళ్లు చాలామంది. కొత్త హీప్‌లో చాలాసార్లు నిజంగానే సున్నాలుంటాయి, అందుకే ఆ భ్రమ. సున్నాలు కావాలంటే కాలాక్ వాడండి. ఇలాంటివాటికి వాల్‌గ్రైండ్ (ప్రోగ్రామ్‌ను తన లోపల నడుపుతూ మెమరీని తనిఖీ చేసే సాధనం) మంచిది. విలువ పెట్టని మెమరీ మీద ఆధారపడి ఇఫ్ నడిస్తే చెబుతుంది, --ట్రాక్-ఆరిజిన్స్=యస్ ఆప్షన్ పెడితే ఆ చెత్త ఎక్కడ పుట్టిందో కూడా చెబుతుంది. దీనికి ప్రత్యేకంగా కంపైల్ చేయక్కర్లేదు, -జి ఉంటే చాలు. కానీ చాలా నెమ్మది, పదింతల పైనే. స్టాక్ మీది అర్రే హద్దు దాటితే మాత్రం వాల్‌గ్రైండ్ సాధారణంగా గమనించదు, శానిటైజర్ గమనిస్తుంది. రెండూ ఒకేసారి పెట్టకండి, పొసగవు. నేనైతే ముందు శానిటైజర్, అది నిశ్శబ్దంగా ఉండి ఫలితం తప్పుగా ఉంటే వాల్‌గ్రైండ్.

సెగ్మెంటేషన్ ఫాల్ట్ (ముట్టుకోకూడని అడ్రస్‌ను ముట్టుకున్నందుకు ప్రోగ్రామ్ పడిపోవడం) వచ్చినప్పుడు అడ్రస్ విలువను కూడా చూడండి. సున్నా అయితే నల్ పాయింటర్, అంటే ఎటూ చూడని పాయింటర్. 8, 16 లాంటి చిన్న సంఖ్య అయితే నల్ స్ట్రక్ట్ పాయింటర్ మీద -> వాడారన్నమాట. నేను పైన చెప్పిన నోడ్‌లో అడ్రస్ 8 వచ్చిందంటే, పి నల్‌గా ఉండగా పి->నెక్స్ట్ చదివారని డీబగ్గర్ లేకుండానే చెప్పొచ్చు. విండోస్‌లో విజువల్ స్టూడియో డీబగ్ బిల్డ్ వాడేవాళ్లకు వరుసగా సీడీ సీడీ సీడీ సీడీ అనే విలువ కనిపిస్తే అది మాలాక్ చేసి ఏమీ రాయని చోటు, డీడీ డీడీ డీడీ డీడీ అయితే ఫ్రీ చేసేసిన చోటు. ఆ విలువలు గుర్తుపెట్టుకుంటే గంటలు మిగులుతాయి. జీడీబీ అనే డీబగ్గర్‌లో కూడా మొదట కావలసిన ఆజ్ఞలు నాలుగే: రన్, పడిపోయాక బీటీ, తర్వాత మీ ఫంక్షన్ దాకా అప్ కొట్టుకుంటూ పోయి పాయింటర్‌ను ప్రింట్ చేయడం.

మీ ప్రోగ్రామ్‌లో ఇంకా లేదు గానీ, తర్వాతి అసైన్‌మెంట్‌లో తప్పక ఎదురయ్యేది ఒకటుంది. మార్కులు చదివే పనిని వేరే ఫంక్షన్‌లోకి మార్చమంటారు. అందరూ ఫంక్షన్‌కి ఇంట్ *ఎ అని పారామీటర్ పెట్టి, లోపల ఎ = మాలాక్ చేసి, బయట మెయిన్‌లో మార్క్స్ నిండిపోయిందని అనుకుంటారు. సీలో పారామీటర్ ఎప్పుడూ నకలే. లోపలి ఎ అనేది మార్క్స్ బాణానికి నకలు. నకలు బాణాన్ని తిప్పితే అసలు బాణం కదలదు. ఫంక్షన్ ముగియగానే నకలు పోతుంది, బ్లాక్ లీక్ అవుతుంది, మెయిన్‌లో మార్క్స్ ఇంకా చెత్త విలువతోనే ఉంటుంది. ఫంక్షన్ నుంచి పాయింటర్‌ను రిటర్న్ చేయడం సులువైన దారి. లేదా &మార్క్స్ పంపి, లోపల ఇంట్ **ఎ తీసుకుని *ఎ = మాలాక్ అనండి. అదే ఫంక్షన్‌లో సైజాఫ్(ఎ) అడిగితే అర్రే సైజు రాదు, పాయింటర్ సైజు 8 వస్తుంది. సైజును వేరే పారామీటర్‌గా పంపాల్సిందే. ఫంక్షన్ లోపలి లోకల్ అర్రే అడ్రస్‌ను రిటర్న్ చేయకూడదని మీకు తెలిసే ఉంటుంది. దానికి -వాల్ చాలాసార్లు హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరికను ఎర్రర్‌తో సమానంగా చూడండి.

బ్లాక్ సైజు మార్చే రియాలాక్ గురించి ఒక్క మాట. పి = రియాలాక్(పి, కొత్త సైజు) అని రాయకండి. విఫలమైతే నల్ ఇస్తుంది, పాత బ్లాక్ మాత్రం అలాగే ఉంటుంది, దాని అడ్రస్ మీ చేతిలోంచి పోతుంది. తాత్కాలిక పాయింటర్‌లో తీసుకుని, నల్ కాదని చూసుకుని, అప్పుడు పి కి ఇవ్వండి. సఫలమైనా బ్లాక్ వేరే చోటికి మారి ఉండొచ్చు, దాని మధ్యలోకి చూసే పాత పాయింటర్లన్నీ చెల్లవు.

ఇంకో తప్పు మీ కోడ్‌లో మీరు అడగకుండానే కనిపించింది. నేమ్స్‌ను చార్ *నేమ్స్[50] అని ఇచ్చారు. ఎన్‌ను ఎక్కడా తనిఖీ చేయలేదు. 51 మంది వస్తే స్టాక్ మీద పక్కనున్నదాన్ని, బహుశా బఫ్‌నో ఎన్‌నో ఐనో, తొక్కుతుంది. నేమ్స్‌ను కూడా ఎన్ * సైజాఫ్ *నేమ్స్ అని మాలాక్ చేసుకోండి. అప్పుడు ఫ్రీ వరుస కూడా మారుతుంది, ముందు ఒక్కొక్క నేమ్స్[ఐ], ఆ తర్వాతే నేమ్స్. తిరగేస్తే నేను చేసిన తప్పే మీరూ చేస్తారు. స్కాన్‌ఎఫ్ ఎన్‌ను నిజంగా చదివిందో లేదో దాని రిటర్న్ విలువతో చూడండి. సంఖ్యకు బదులు అక్షరం కొడితే ఎన్‌లో చెత్త ఉండి, ఆ చెత్త సైజుతో మాలాక్ అడుగుతారు.

ఈ మార్పులన్నీ ఒకేసారి చేయకండి. ముందు శానిటైజర్‌తో ఉన్నదాన్ని ఉన్నట్టే నడిపి, రెండో మార్కు దగ్గర ఆగడం మీ కళ్లతో చూడండి. మార్కుల లైన్ దిద్ది మళ్లీ నడపండి. ఫ్రీలు తిరిగి పెట్టాక, మాలాక్ చేయని అడ్రస్‌ను ఫ్రీ చేస్తున్నారని అది చెబుతుంది. అప్పుడు స్ట్ర్‌కాపీ పెట్టండి. ఆ తర్వాత ఎన్‌కి 0, 1, 6, 7, 51 ఇచ్చి చూడండి, 49 అక్షరాల పేరు ఒకటి, అంతకంటే పొడవైనది ఒకటి ఇవ్వండి. పొడవు పేరులో మిగిలిన అక్షరాలు తర్వాతి పేరుగా వెళ్లిపోతాయి, అది మెమరీ తప్పు కాదు, ఇన్‌పుట్ చదివే పద్ధతిది. వీటిలో ఎక్కడైనా రిపోర్ట్ వస్తే మొదటి వరుస నుంచి చివరిదాకా మొత్తం పెట్టండి, బ్లాక్ ఎక్కడ తీసుకున్నారో చెప్పే భాగాన్ని కత్తిరించకండి. నాకు ముందుగా కావలసింది అదే.